దక్షిణపు గోడ

పోయిన శనివారం మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి కాస్త ముందే వెళ్ళాను. టీచరు ఇంకా రాలేదంటే, మా పిల్ల రోజూ కూర్చునే కుర్చీ ఏదో ఆయమ్మని అడిగి తెలుసుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనేంత చిన్న ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. గుంటూరులో పెద్ద రోడ్డు మీద ఉన్న ఆ భవనాన్ని మొదట దుకాణాల కోసం కట్టారట. మా పిల్ల చదివే యూకేజీ గది మూడో అంతస్తులో సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి కిటికీ పెట్టడానికి ఏ పక్కా బయట అనేదే లేదు. గోడల నిండా సీతాకోకచిలుకలూ ఏనుగులూ ఎంత ముచ్చటగా వేశారో చెప్పలేను. పగలే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, తలమీద ఏసీ అదేపనిగా రొద పెడుతోంది, ప్లైవుడ్ అడ్డుగోడకి అవతల ఏదో క్లాసు పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు చెబుతున్నారు. ఈ చప్పుడు నేను ఇంతకు ముందు విన్నాను అనిపించింది.

టీచరు వచ్చాక చెప్పిన మాట మాత్రం నేను రెండు నెలలుగా భయపడుతున్నదే. "పాప మంచిదే మేడమ్, అల్లరి లేదు. కానీ పిలిస్తే పలకదు, చెప్పినదాంట్లో సగమే తిరిగి చెప్తుంది. యూకేజీ ఇంకో సంవత్సరం చదివిస్తే బేస్ స్ట్రాంగ్ అవుతుంది. ఆలోచించుకుని సోమవారం చెప్పండి," అంది. ఆ అమ్మాయికి ఇదే మొదటి ఉద్యోగమేమో, ఈ మాట చెప్పడానికి నాకంటే ఆమే ఎక్కువ ఇబ్బంది పడింది. చెవుల డాక్టరు దగ్గరికీ, కళ్ళ డాక్టరు దగ్గరికీ అప్పటికే తిప్పాను, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉన్నాయంటే సంతోషించాల్సింది పోయి, మరి ఇంకేం బాగాలేదో అని నిద్ర పట్టని తల్లిని నేను.

ఆ సాయంత్రం పిల్లకి జడ వేస్తూ, ఊరికే, వారాల పేర్లు చెప్పమన్నాను. "సండే, మండే, ట్యూస్‌డే, టూ త్రీజా సిక్స్," అని ఎక్కడా ఆగకుండా చెప్పి, ఎంతో బాగా చెప్పానన్నట్టు నా వైపు తిరిగి చూసింది. నేను దువ్వెన పక్కన పెట్టేశాను. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి జవాబే, సరిగ్గా ఇంత ధీమాగా, మూడో తరగతిలో నేను మా నాన్నకి చెప్పాను.

మాది మార్టూరుకి కాస్త దూరంలో, పత్తీ మిరపా తప్ప వేరే మాట వినపడని ఊరు. నేను చెబుతున్నది తొంభైల చివరి రోజులు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఊళ్ళని వాస్తు ఒక జ్వరంలా పట్టుకుంది. నిన్నటిదాకా హాయిగా కాపురం చేసిన ఇంట్లో వంటగది ఇటు నుంచి అటు పోయేది, మెట్లు కూలేవి, ఎవరికైనా గేదె చచ్చిపోతే ముందు ప్రహరీగోడ పడగొట్టి తర్వాత పశువుల డాక్టరుకి కబురు పెట్టేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెదనాన్న ఊరి ప్రెసిడెంటు అయ్యాడు. పెంకులు జారి, గదుల గోడలు బీటలు వారిన మా పాత బడికి ఎదురుగా, చనిపోయిన మా తాతయ్య పేరు మీద కొత్త స్లాబు బడి కట్టించాలన్న కోరిక ఆయనకి ఎప్పటినుంచో ఉంది. మంచి కోరికే. సిమెంటులో కల్తీ లేకుండా, దగ్గరుండి, పొలం పని కూడా మానుకుని కట్టించాడు. అయితే వాస్తు చూసే ఆయన వచ్చి, దక్షిణం యముడి దిక్కు, నైరుతి మూసి ఉండాలి, తలుపులూ కిటికీలూ తూర్పుకీ ఉత్తరానికే ఉండాలి అని చెప్పి వెళ్ళాడు. పెదనాన్న ఒక్క అంగుళం తేడా రానివ్వలేదు. దక్షిణపు గోడ పైనుంచి కిందిదాకా నున్నటి గోడ. దాని మీద ఒక గూడు కూడా లేదు.

శాస్త్రం ప్రకారం ఆ బడికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే, ఈశాన్యాన ఏముందో ఎవరూ చూసుకోలేదు. ఈశాన్యాన మా ఊరి మిరప కల్లాలున్నాయి. కోతలు మొదలయ్యాక ఊరి కాయంతా అక్కడే ఎండుతుంది, ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరేదీ అక్కడే. చలికాలం గాలి ఆ మూల నుంచే వీస్తుంది కాబట్టి, కల్లంలో ఎవరు కాయ తిరగేసినా ఆ ఘాటు తిన్నగా మా బడి తలుపులోంచి దూరి, బయటికి పోవడానికి ఎదురుగా దారి లేక, మాతోపాటే కూర్చుని పాఠం వినేది. హాజరు పిలిస్తే సగం మంది తుమ్ముతోనే పలికేవాళ్ళం. టీచరుగారు తుమ్ము విని ఎవరిదో పోల్చుకుని టిక్కు పెట్టేవారు. ఇక ఎండాకాలం మొదలై సాయంత్రాలు దక్షిణం నుంచి పైరగాలి తిరిగేసరికి, ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆ గాలికి గుమ్మాలు తెరుచుకుంటే, మా బడి మాత్రం దానికి వీపు పెట్టుకుని నిలబడేది.

ఆ గదిలో మూడూ నాలుగూ తరగతులు కలిపి కూర్చోబెట్టేవాళ్ళు. మగపిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గర వెలుతుర్లో చోటు పట్టేసేవాళ్ళు. ఆడపిల్లలం వెనక, ఆ దక్షిణపు గోడ పక్కన. నాలుగో తరగతి ఎక్కాలు స్లాబుకి తగిలి, గోడకి తగిలి, మా నెత్తిన పడేవి. మా టీచరుగారిది మెత్తటి గొంతు. ఆవిడ మాటల మొదళ్ళు మాత్రమే నా దాకా వచ్చేవి, చివరలు దారిలో ఎక్కడో ఎక్కాల్లో కలిసిపోయేవి. పిల్లలకి అది తప్పని తెలియదు కదా, చదువంటే అంతే కాబోలు అనుకున్నాను. నెలల పేర్లు చెప్పమని మా నాన్న అడిగిన రోజు, "చైత్రం, వైశాఖం, ఏడేళ్ళ నలభై తొమ్మిది," అని గడగడా అప్పజెప్పాను. నాన్న మర్నాడే నన్ను సైకిలు మీద బస్సు దాకా, బస్సులో చిలకలూరిపేట దాకా తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాడు. ఆయన చెవిలోకి లైటు వేసి చూసి, లోపం లేదు అన్నాడు. లోపం చెవిలో లేకపోతే బుర్రలోనే ఉండాలి కదా. తిరిగి రెండో తరగతిలో కూర్చోబెడదామని ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే, మా చిన్నత్త నా ముందే, "పోనీలే అన్నయ్యా, ఆడపిల్లేగా, కాయలేరడానికి నెలలెందుకు," అంది. వెక్కిరింతకి అన్నదే. కానీ నాకు రెండో తరగతి పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టు ఆ రాత్రంతా కల.

ఆ సంవత్సరం సంక్రాంతి సెలవులు అయ్యాక ఘాటు ఎంత ఎక్కువైందంటే, ఒక రోజు మా టీచరుగారికి పొరబోయి మాట ఆగిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇంకేమీ ఆలోచించకుండా మూడో తరగతిని లేపి ఎదురుగా ఉన్న పాత బడి వరండాలోకి తీసుకెళ్ళిపోయారు. పాత బడి గదులు పనికిరానివే గాని, వరండా దూలాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అది దక్షిణం వైపు తెరిచి ఉండేది. దాని వెనక గదులే కల్లాల గాలికి అడ్డం. అక్కడ కూర్చోగానే ఇరవై మంది తుమ్మడం ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మేమే ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

వరండా నేలంతా గుంతలు. నా పక్కన కూర్చునే నా స్నేహితురాలి నాన్న మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. సాయిబుల ఇంటి పిల్ల, మా ఇంట్లో నాకంటే ఎక్కువ తిరిగేది. పలక పెట్టుకుంటే గుంతలో పడిపోతోందని ఆ పిల్ల ఇంట్లో గొడవ చేసిందట, వాళ్ళ నాన్న తన యజమానిని అడిగి, అంచులు విరిగి పారేసే ముక్కలు ఒక ట్రాక్టరు తొట్టె నిండా వేసుకొచ్చి, ఒక ఆదివారం తెలిసిన మేస్త్రిని వెంటబెట్టుకుని మొత్తం పరిపించాడు. నల్లవీ, బూడిద రంగువీ, ఎర్ర చుక్కలవీ, ఒకటి మూడు మూలలు, ఒకటి ఐదు. సోమవారం పొద్దున మేం వెళ్ళేసరికి వరండా బొంతలాగా ఉంది. ఎవరి రాయి వాళ్ళు ఎంచుకోవడానికి పెద్ద యుద్ధమే జరిగింది. నాది నల్లరాయి, మధ్యలో వెండి రజను చల్లినట్టు మెరిసేది, పొద్దున పూట కూర్చుంటే చల్లగా ఒళ్ళు జల్లుమనేది. నా స్నేహితురాలిది దాన్ని ఆనుకుని ఉన్న ఎర్ర చుక్కల రాయి. "మా నాన్న తెచ్చాడు కాబట్టి రెండూ నావే, నీది నీకు అద్దెకిచ్చా," అనేది. అద్దె కింద నా డబ్బాలో ఉసిరికాయ ముక్కలు పోయేవి.

ఆ రాళ్ళ మీద కూర్చున్నాకే మాటలకి చివరలుంటాయని నాకు తెలిసింది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. టీచరుగారి మెత్తటి గొంతు నా దాకా మొత్తంగా వచ్చేది. పుస్తకం మీద వెలుతురు పడేది, ఒత్తులూ దీర్ఘాలూ విడివిడిగా కనిపించేవి. లెక్కలో తప్పు చేస్తే ఎక్కడ చేశానో నాకే తెలిసేది. త్రిభుజం అంటే ఏంటో చెప్పడానికి ఆవిడ ఫలానావాడి రాయి చూడండి అనేవారు. మధ్యాహ్నం పూట పైరు వాసన వేసుకుని గాలి వచ్చేది, కొంతమంది అప్పుడే నిద్రపోయేవాళ్ళు, ఆవిడ కాసేపు పోనిచ్చేవారు. ఒక రోజు పాఠం ఎవరు చదువుతారు అంటే నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. పేజీ చివరిదాకా చదివేసి తలెత్తితే, టీచరుగారు సుద్దముక్క పట్టుకుని అలాగే నన్ను చూస్తున్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?" అన్నారు. వెనకేగా ఉన్నాను అనుకున్నాను గాని పైకి అనలేదు.

కానీ తాతయ్య పేరు చెక్కించి కట్టిన బడిని వదిలేసి పిల్లలు పాత పంచన కూర్చోవడం మా పెదనాన్నకి తలకొట్టేసినట్టయింది. మార్టూరు నుంచి వచ్చిన బంధువెవరో చూసి ఏదో అన్నారట. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, ఊరందరికీ వినపడేలా, ఎండాకాలం సెలవులియ్యగానే ఆ పెంకుల కొంప పడగొట్టిస్తానని, అప్పుడు ఎక్కడ కూర్చుంటారో చూస్తానని అరిచాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. వరండా పోతే నా రాయి పోతుంది, నా రాయి పోతే నేను మళ్ళీ ఆ గోడ పక్కకి పోతాను, అక్కణ్ణుంచి తిన్నగా రెండో తరగతికి. నాకు తెలిసిన లెక్క అంతే. ఏడుపు ఆపుకోలేక మా నాయనమ్మ దగ్గరికి పోయి, ఆమె చీర కొంగు పట్టుకున్నాను.

నాయనమ్మకి నా ఏడుపు అర్థమైందో లేదో గాని, చేస్తున్న పని ఆపకుండానే కొడుకుని పిలిచింది. "ఒరేయ్ పెద్దోడా, మీ నాయన పేరు మీద కట్టావు, బానే ఉంది. ఆ మనిషి బతికుండగా ఒక్కరోజన్నా గాలాడని చోట పడుకున్నాడంట్రా? ఎండాకాలం వస్తే మంచం నెత్తినేసుకుని ఊరంతా తిరిగేవాడు."

"నీకు తెలవదులేమ్మా, వాస్తు ప్రకారం కట్టింది."

"అయితే రేపు నువ్వు పోయి అందులో కూచో. మగపిల్లల పక్కన కాదు. నీ తమ్ముడి కూతురు కూచునే చోట."

ఆయన పౌరుషం ఉన్నవాడు. మర్నాడు తలపాగా చుట్టుకుని నిజంగానే వచ్చాడు. మా తరగతిని లోపలికి పిలిపించి, ఆ దక్షిణపు గోడకి ఆనుకుని నా చోట్లో బాసింపట్టు వేసుకుని, పాఠం చెప్పండి టీచరుగారూ, నేనూ వింటాను అన్నాడు. అంత పెద్ద మనిషి మా మధ్య నేల మీద కూర్చుంటే మాకు నవ్వాగడం లేదు. ఆ రోజు కల్లాల్లో మా కాయే తిరగేస్తున్నారు. అంటే ఆయన కాయే. నాలుగో తరగతి ఎక్కాలు అందుకుంది, టీచరుగారు పాఠం మొదలుపెట్టారు, మొదటి తుమ్ముకి పెదనాన్న తలపాగా జారింది. తర్వాత ఎన్ని తుమ్మాడో గాని, ప్రతి దానికీ మేం మనసులో హాజరు వేసుకున్నాం. చెమటలు కారుతున్నా లేవలేదు. పాఠం అయిపోయాక తలపాగాతో మొహం తుడుచుకుని, "ఏంటమ్మా, మీరు చెప్పింది నాకొక్క ముక్క వినపడలా," అన్నాడు.

"మాకు రోజూ అంతే పెదనాన్నా," అంది నా స్నేహితురాలు, ఎంతో మామూలుగా.

ఆయన లేచి, ఎదురుగా వరండాలోకి నడిచి, ఎవరి రాయో చూసుకోకుండా నా నల్లరాయి మీద కూర్చున్నాడు. కాసేపటికి స్తంభానికి ఆనుకున్నాడు. ఇంకాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. టీచరుగారు వేలు పెదాల మీద పెట్టుకుని మా అందరికీ చూచిరాత ఇచ్చారు.

సెలవుల్లో గునపాలు లేచాయి, పడింది మాత్రం పాత వరండా కాదు. వాస్తు ఆయన్ని మళ్ళీ పిలిపిస్తే, ఉత్తరాన ఇంకో కిటికీ ఎక్కువ పెడితే దక్షిణాన రెండు పెట్టుకోవచ్చునని, శాస్త్రంలో దానికి దారి ఉందని చెప్పాడట. ఆ దారి మొదటే ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు, అందరి గౌరవమూ నిలబడింది. దక్షిణపు గోడలో రెండు పెద్ద కిటికీలు వచ్చాయి, ఆడపిల్లల్ని ముందుకి మార్చారు, ఘాటు రోజుల్లో వరండా మాకే అని ఖాయమైంది. నేను రెండో తరగతికి పోలేదు. నాలుగుకి పోయాను, తర్వాత ఒంగోలులో డిగ్రీ దాకా కూడా పోయాను.

మొన్న సోమవారం మా అమ్మాయి టీచరుకి జవాబు చెప్పడానికి ఆటోలో వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక, చివరికి మా నాయనమ్మ చెప్పినదే చేశాను. ఏమీ అనుకోకపోతే పాప కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోండి అన్నాను. టీచరు నవ్వి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. పక్క క్లాసులో ఎక్కాలు మొదలవగానే, నేను బోర్డు దగ్గర నిలబడి, అటు తిరిగి, ఆవిడ రోజూ మాట్లాడే గొంతుతోనే నాలుగు పండ్ల పేర్లు చెప్పి, ఏం చెప్పానో అడిగాను. "మ్యాంగో," అని ఆగిపోయింది. తల తిప్పి ఆ అడ్డుగోడ వైపు చూసింది. "నేనెప్పుడూ ఇటువైపు కూర్చోలేదు మేడమ్," అంది. బిల్డింగు వాళ్ళది కాదట, అద్దెది, గోడ మార్పించడం ప్రిన్సిపాల్ చేతిలో కూడా లేదట. కానీ మా పిల్ల కుర్చీని తలుపు పక్క వరుసలోకి మార్చింది, ఇక నుంచి పిల్లల వైపు తిరిగే చెబుతానంది, మళ్ళీ చదివించే మాట సంవత్సరం చివర చూద్దామంది. ఇంట్లో చెబితే మా ఆయన, "మీ పెదనాన్న తర్వాత ఇప్పుడు ఆ టీచరా? ఇంకెవర్ని కూర్చోబెడతావు?" అని నవ్వాడు. ప్రిన్సిపాల్ గారిని, అన్నాను. నవ్వులాటకి అనలేదు.

కిందటేడు ఊరెళ్ళినప్పుడు బడి చూశాను. దక్షిణపు కిటికీలు అలాగే ఉన్నాయి. వరండాకి మాత్రం మరమ్మతులు చేసి, ఒకే కొలత, ఒకే తెలుపు టైల్స్ వేశారు. శుభ్రంగా ఉంది, గుంతలు లేవు, కానీ ఏది ఎవరిదో చెప్పడానికి లేదు. ఊరి పిల్లల్లో చాలామంది పొద్దున్నే పసుపు బస్సెక్కి టౌనుకి పోతున్నారట, కిటికీలు లేని గదుల్లోకే కాబోలు. అప్పట్లో తప్పు కట్టినవాడు అరుగు మీద దొరికేవాడు, అతన్ని కన్నతల్లి వెనకింట్లో ఉండేది, గోడకి రెండు గునపాలు చాలేవి. ఇప్పుడు మన పిల్లల గోడలు ఎవరివో కూడా మనకి తెలియదు. ఒక కుర్చీని ఇటు నుంచి అటు జరిపించడానికే నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

ఈ సాయంత్రం బాల్కనీలో జడ వేస్తూ వారాల పేర్లు అడిగాను. శనివారం దాకా వచ్చింది, మధ్యలో ఏ ఎక్కమూ రాలేదు. అప్పుడు నా నల్లరాయి కథ చెప్పాను. అంతా విని, తనకీ ఒకటి దొరికిందని చెప్పింది. తలుపు దగ్గర, మెట్ల పైన బిగించిన అద్దంలోంచి ఎండ పడే టైలు. పాలు తాగే బెల్లు దాకా ఆ ఎండ తనదేనట, తర్వాత పక్కమ్మాయి టైలు మీదికి వెళ్ళిపోతుందట, వెళ్ళనిస్తుందట.